నలభై రింగిట్లకు రశీదు లేదు

మద్దిలపాలెం కాలేజీలో, మధ్యాహ్నం మూడింటికి,
సన్యాసిరావు గారు నా టూరు ఫైలు విప్పుతారు.
కళ్ళజోడు ముక్కు చివరికి దించి
పెనాంగ్ మొత్తానికీ పంచింగ్ మిషన్‌తో
రెండేసి కన్నాలు పొడుస్తారు.

"ఇదేటి మేడమ్, సూట్‌కేసు చక్రం?"

చక్రమేనండీ.
మన ఎయిర్‌పోర్టు గుమ్మంలోనే ఊడింది.
పైడిరాజు దాన్ని జేబులో వేసుకుని
ఆరు రోజులు దేశం కాని దేశంలో
పెట్టెను చంటిబిడ్డలా చంకనెత్తుకు తిరిగాడు.
కొత్త చక్రం కొన్నాం, అది పట్టలేదు.
పాత చక్రం క్షేమంగా ఇల్లు చేరింది.

"ఈ జరిమానా?"

ఎండు నెత్తళ్ళకు.
ముబీనా వాళ్ళమ్మ ఏడు కవర్లు చుట్టింది.
ఏడింటినీ దాటుకొచ్చిన వాసనని
కస్టమ్స్ వాళ్ళ కుక్క పట్టేసింది.
మా వంక చూసి తోక ఊపింది.
ఆ దేశంలో మమ్మల్ని మొదట ఇష్టపడింది అదే.

"హోటలుకి అదనంగా ఏటి?"

టీ కెటిల్లో కందిపప్పు పెట్టారండీ.
పప్పు ఉడకలేదు, అలారం మోగింది.
పదకొండు అంతస్తుల జనం
రాత్రి బట్టలతో రోడ్డు మీదికొచ్చి నిలబడితే
మా పిల్లలు వాళ్ళతో ఫొటోలు దిగారు.

సన్యాసిరావు గారికి నవ్వొచ్చింది గాని
స్టాంపు గుద్దే చప్పుడులో కలిపేశారు.
కిటికీ బయట కొమ్మాది బస్సు
నిండుగా వచ్చి, ఇంకో నలుగుర్ని ఎక్కించుకుంది.

"మరీ నలభై?
రవాణా అని రాసి కొట్టేసేరు. రశీదూ లేదు."

కొట్టేసింది నేనే.
ఎలా రాయాలో తెలియక.

గనగళ్ళ ఎల్లాజీ. జువాలజీ రెండో ఏడు. పెదజాలారిపేట.
ఫీజు నోటీసులో తప్ప పేరు వినపడని పిల్లాడు.
నాలుగో రోజు సాయంత్రం బస్సులో తలలు లెక్కపెడితే
ఇరవై రెండుకి ఒకటి తక్కువ.
ఇంగ్లీషులో మొదలుపెట్టి, తెలుగులోకి దిగి,
చివరికి ఒక్కొక్క తలనీ తాకి లెక్కపెట్టాను.
వాడి ఫోను వాడి సీట్లోనే మోగుతోంది.

పోలీసాయన అడిగాడు, పిల్లాడెలా ఉంటాడని.
రెండేళ్ళుగా హాజరు వేస్తున్నానండీ,
మొహం గుర్తు రాలేదు.
ముప్పై నాలుగో నంబరని మాత్రం గుర్తుంది.

చీకటి పడ్డాక దొరికాడు, చేపల జెట్టీ మీద.
ఒక ముసలాయనకి ఎదురుగా బాసింపట్టు వేసుకుని
వల బాగుచేస్తున్నాడు.
ఇద్దరికీ ఒక్క మాటా కలవదు.
తెగిన కన్ను మీద ఆయన వేలు పెడతాడు,
వీడు ముడి వేస్తాడు.
ఆయన అది విప్పి మరో రకంగా వేసి చూపిస్తాడు.
వీడు తల అడ్డంగా ఊపుతాడు.

నన్ను చూసి లేచి నిలబడ్డాడు, క్లాసులోలాగే.
"దారి తప్పలేదు మేడమ్.
వాసన బట్టి వచ్చీసేను."

తిడదామని నోరు తెరిస్తే ఏడుపొచ్చింది.
ముసలాయన నన్నూ వాణ్ణీ టాక్సీలో కూర్చోబెట్టి
నలభై డ్రైవరు చేతిలో కుక్కి
తలుపు వేసేశాడు.
పేరు అడిగేలోపు మలుపు తిరిగాం.

"అయితే మనం పెట్టని ఖర్చన్నమాట.
మన లెక్కలోకెలాగొస్తాదండీ?"

రాదండీ. కొట్టేసే ఉంచండి.

నిన్న సాయంత్రం పెదజాలారిపేట వైపు వెళ్ళాను,
ఊరికే.
ఒడ్డున తెప్ప పక్కన వల పరిచి
ఎల్లాజీ వాళ్ళ నాన్న కేకలేస్తున్నాడు:
"ఎవుడ్రా ఈ తిక్క ముడేసినోడు?
ఇది మన ముడి కాదు!"
ఎల్లాజీ అటు తిరిగి
నీళ్ళలో ఏదో చూస్తున్నాడు.

ఆయన విప్పబోయాడు.
గోరు దూరలేదు.
రెండు చేతులా పట్టి ఒకసారి లాగి చూశాడు,
మళ్ళీ లాగాడు,
పక్క కన్ను మీదికి జరిగాడు.